నిన్న రాలేదేం?

ఈ పూట ఒక చిన్న మాట గురించి మీతో మాట్లాడాలని వచ్చాను. రెండే పదాలు. "నిన్న రాలేదేం?"

ఈ మాటని ఒకసారి గొంతు పెంచి, కనుబొమలు ముడిచి అని చూడండి. "నిన్న రాలేదేం!" ఎదురుగా ఉన్న పిల్ల తల దించుకుంటుంది. ఇప్పుడు అదే మాట దగ్గరికి వెళ్ళి, నెమ్మదిగా అనండి. "నిన్న రాలేదేం, తల్లీ?" దించుకున్న తల పైకి లేస్తుంది. మొదటిది నిలదీయడం. రెండోది పలకరించడం. మాటలు అవే. గొంతు వేరు.

నేను ముప్పై ఏళ్ళకి పైగా ప్రాథమిక బడుల్లో పాఠాలు చెప్పాను. బడికి మంచి గదులు కావాలి. బల్లలు కావాలి, నీళ్ళు కావాలి, మరుగుదొడ్లు కావాలి. వాటి కోసం నేనూ ఆఫీసుల చుట్టూ తిరిగాను, అర్జీలు రాశాను. ఇప్పుడు మాత్రం ఎవరైనా "ఈ బడి ఎలాంటిది?" అని అడిగితే, నేను ఒక్కటే చూస్తాను. నాలుగు రోజులు రాని పిల్ల ఐదో రోజు వచ్చి గుమ్మంలో నిలబడుతుంది చూడండి. ఆ పిల్ల చెవిన పడే మొదటి మాట ఏమిటి? అది తెలిస్తే ఆ బడి సంగతి నాకు సగం తెలిసినట్టే.

ఈ మాట నాకు మొదట్నుంచీ తెలుసని చెప్పను. ఒక పిల్ల వల్ల తెలిసింది. మా బడిలో అన్నం వండే ఒకావిడ వల్ల తెలిసింది.

అది 2004. పల్నాడులో ఒక ఊరి బడి. ఫిబ్రవరి నెల. మిరప పండే ఊళ్ళవాళ్ళకి ఆ నెల గురించి చెప్పక్కర్లేదు. కోతల కాలం. తెల్లారకముందే ఆడవాళ్ళు తలకి గుడ్డలు కట్టుకుని ఆటోలెక్కి పొలాలకి పోతారు. కళ్ళాల్లో ఎర్రగా కాయలు ఆరబోసి ఉంటాయి. గాలి వీచిందంటే తరగతి గదిలో కూడా తుమ్ములే. ఆ నెలలో బడికొచ్చే పిల్లలు తగ్గిపోతారు. కొందరు చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోతారు. కొందరు తల్లుల వెంట పొలానికి పోతారు.

అయిదో తరగతి పిల్ల ఒకతె నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు ప్రార్థన అయిపోయాక వచ్చింది. వెనక తమ్ముడు, అక్క గౌను అంచు పట్టుకుని. పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను పాఠం ఆపాను. "నిన్న రాలేదేం? మొన్న రాలేదేం? ఇది బడనుకున్నావా, సంతనుకున్నావా?" అన్నాను. తరగతంతా నవ్వింది. పిల్ల మాట్లాడలేదు. "చేతులు కట్టుకుని సరిగ్గా నిలబడు" అన్నాను. చేతులు ముందుకి తియ్యలేదు. మొండితనం అనుకున్నాను. వెళ్ళి కూర్చోమన్నాను. కొట్టలేదు. ఆ రోజుల్లో చాలా బడుల్లో బెత్తం ఉండేది. నేను బెత్తం పట్టలేదు కాబట్టి మంచి టీచర్నే అనుకున్నాను.

ఆ పిల్ల ఆ పూట ఏమీ రాయలేదు. మధ్యాహ్నం గంట కొట్టాక తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

ఇక్కడ మా వంటావిడ గురించి చెప్పాలి. బడిలో వంట మొదలవక ముందు బడి బియ్యం వేరే పద్ధతిలో ఉండేది. 1995 ఆగస్టు 15న కేంద్రం ఆ పథకం మొదలుపెట్టింది. నూటికి ఎనభై రోజులు బడికొచ్చిన పిల్లకి నెలకి మూడు కిలోల బియ్యం. సంచిలో పోసి ఇంటికి పంపేవాళ్ళం. తర్వాత 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది, బడిలో వండి వడ్డించాలని. మన రాష్ట్రంలో 2003 జనవరిలో అది మొదలైంది. చిన్న తరగతుల పిల్లకి రోజుకి వంద గ్రాముల బియ్యం. అప్పట్నుంచి పిల్లలు బడి వరండాలో వరసగా కూర్చుని, ఒకరి పక్కన ఒకరు, ఒకే కుండలో వండిన అన్నం తినడం మొదలుపెట్టారు. ఏ వీధి పిల్ల పక్కన ఏ వీధి పిల్ల కూర్చుంటుందో, ఊళ్ళో అంతకు ముందు ఎవరూ చూడని పంక్తి అది. నా మటుకు నాకు, మన బడులకి జరిగిన అన్ని మంచిపనుల్లోకీ అది పెద్దది.

మా బడిలో అప్పుడు 62 మంది. అందరూ వస్తే ఆరు కిలోల రెండొందల గ్రాములు కొలవాలి. హాజరు వెయ్యగానే వంటావిడ గుమ్మం దగ్గరికి వచ్చేది. "ఎంతమంది టీచరమ్మా?" అనేది. "యాభై ఎనిమిది" అనేదాన్ని. ఆవిడ అక్కడితో వెళ్ళేది కాదు. "ఆ నలుగురూ ఎవరమ్మా?" అని అడిగేది. రోజూ అడిగేది. బియ్యం కొలవడానికి అంకె చాలు కదా, పేర్లెందుకు అని నాకు తోచేది. ఆవిడకి చదువు రాదు. పేర్లు రాసుకునేది కూడా లేదు. అయినా ఏ రోజు ఎవరు రాలేదో ఆవిడ నోటి మీద ఉండేది.

ఆ పిల్ల మళ్ళీ రాని రోజున ఆవిడ బియ్యం కొలుస్తూ నాతో అంది. "ఆ పిల్ల చేతులు చూశారా టీచరమ్మా? కాయలు కోసి కోసి వేళ్ళు మంటెత్తిపోతున్నాయి. నిన్న కూడు కలుపుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పప్పులో కారం తగిలితే ఓర్చుకోలేదు కదా. తినకుండానే పోయింది."

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆ చేతులు వెనక ఎందుకు దాచుకుందో నాకు అప్పటికి గాని తెలియలేదు. మిరపకాయ కోసిన చేతి మంట మీలో చాలామందికి తెలుసు. కడిగినా పోదు. మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా వెంటనే తగ్గదు. పదేళ్ళ పిల్ల ఆ చేతులతో బడికొచ్చింది. ఇంట్లో పడుకోవచ్చు. బడికొచ్చింది. వచ్చిన పిల్లకి నేను సంత సంగతి చెప్పాను.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి మంచం మీద ఉంది. జ్వరం. నన్ను చూడగానే లేచింది. నేనెందుకు వచ్చానో అడగలేదు. నులకమంచం మీద దుప్పటి సర్ది, కూర్చోమంది. కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. నేను తాగేదాకా నిలబడే ఉంది. చెంబు తీసుకున్నాకే, "ఏంటి టీచరమ్మా, ఇట్టా వచ్చారు?" అంది.

చూడండి. నేను వాళ్ళమ్మాయిని అందరి ముందూ మాట అని పంపినదాన్ని. ఆమెకి ఆ సంగతి తెలుసు. అయినా ముందు మంచినీళ్ళిచ్చింది. తర్వాతే విషయం అడిగింది.

మన ఇళ్ళల్లో ఇది ఎవరూ పాఠంగా చెప్పరు. ఎండన పడి మనిషొస్తే "రండి, కూర్చోండి" అంటాం. నీళ్ళిస్తాం. ఆ మనిషి మనకి బాకీ ఉన్నవాడైనా సరే, గుమ్మంలో నిలబెట్టి అడగం. ముందు మంచినీళ్ళు, తర్వాత విషయం. అమ్మమ్మ చేస్తుంటే చూసి నేర్చుకున్నాం. అలాంటిది బడి గుమ్మంలోకి వచ్చేసరికి ఎందుకు తలకిందులవుతుంది? పిల్ల గుమ్మంలో ఉండగానే విషయం అడిగేస్తాం. మంచినీళ్ళ మాట మరిచేపోతాం.

ఈ పూట నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే. బడి మానేసి తిరిగొచ్చిన బిడ్డకి, ముందు మంచినీళ్ళు. తర్వాత విషయం.

మంచినీళ్ళంటే ఇక్కడ గ్లాసుతో ఇచ్చే నీళ్ళే కానక్కర్లేదు. ఇచ్చినా మంచిదే. పిల్ల గుమ్మంలో కనిపించగానే పేరు పెట్టి పిలవండి. "వచ్చావా! రా, నీ చోటు అలాగే ఉంది" అనండి. ఆ చోటు నిజంగానే అలాగే ఉంచండి. రెండు రోజులు రాలేదు కదా అని ఇంకొకరిని అక్కడ కూర్చోబెట్టకండి. తిరిగొచ్చిన పిల్లకి తన చోట వేరే పిల్ల కనిపిస్తే, ఎవరూ ఏమీ అనకపోయినా, నువ్వు లేకపోయినా మాకు జరుగుతుందని చెప్పినట్టే ఉంటుంది. ఆ పక్కన కూర్చునే పిల్లతో "ఈ నాలుగు రోజుల పాఠం నువ్వు చూపించమ్మా" అని ఒక మాట చెప్పండి. ఇంతకీ ఎంతసేపు? అరనిమిషం. సిలబస్ ఏమీ వెనకబడదు.

మరి ఎందుకు రాలేదో అడగొద్దా? తప్పకుండా అడగాలి. అడగొద్దని నేను అనడం లేదు. తర్వాత అడగమంటున్నాను. అన్నాల వేళ, చెట్టు కింద, ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని అడగండి. నలభై మంది వింటుండగా ఏ పిల్ల తన ఇంటి సంగతి చెప్తుంది? నాన్న తాగొచ్చాడని చెప్తుందా? ఉన్న ఒక్క జత బట్టలు ఆరలేదని చెప్తుందా? పెద్దమనిషయ్యానని చెప్తుందా? "కడుపునొప్పి" అంటుంది. మనం "రోజూ నీకు కడుపునొప్పేనా" అంటాం. అక్కడితో ఆ తలుపు మూసుకుపోతుంది.

కొందరు తోటి టీచర్లు నాతో వాదించేవాళ్ళు. అలా ముద్దు చేస్తే రోజూ మానేస్తారని. నేను చూసింది వేరు. ఒక రోజు మానిన పిల్లవాడు రెండో రోజు మానేది సోమరితనంతో కాదు, గుమ్మంలో ఎదురయ్యే ప్రశ్నకి భయపడి. మొదటి రోజు జ్వరం నిజం. రెండో రోజు భయం. మూడో రోజుకి పాఠం వెనకబడుతుంది, దాంతో ఇంకో భయం. అలా ఒక్క రోజు జ్వరం పది రోజుల గైర్హాజరు అయిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. మొదటి రోజునే ఆ భయం తీసేస్తే రెండో రోజు పిల్ల బడిలో ఉంటుంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆ రెండో మాట దగ్గర మనం ఇంకా చాలా నేర్చుకోవాలి. బెత్తం పోయింది, సంతోషం. బెత్తం లేకుండా నేను ఆ పిల్లని ఎంత గట్టిగా కొట్టానో మీకు చెప్పాను కదా.

ఈ మధ్య చాలా బడుల్లో హాజరు ఫోన్లోనే పడుతోంది. ఫోటోతో పడేచోట్లూ ఉన్నాయి. లెక్క పై ఆఫీసుకి వెంటనే చేరుతుంది, అది అవసరమే. ఒక్కటే నా మనవి. ఫోన్లో వేసినా సరే, పేరు నోటితో పలకండి. పొద్దున్నే తన పేరు టీచరు నోట వినడం, దానికి తాను పలకడం చిన్న పిల్లకి చాలా పెద్ద సంగతి. ఆ రోజంతా తనని ఇంకెవరూ పేరు పెట్టి పిలవకపోవచ్చు కూడా.

తెలుగులో రైలుబడి అని ఒక పుస్తకం ఉంది. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది. ముందు చేరిన బడి వాళ్ళు ఆమెని పంపించేశారు. కొత్త బడిలో హెడ్మాస్టరు కొబయాషి, మొదటి రోజున ఆ పిల్లని కూర్చోబెట్టి, నీకు ఏం చెప్పాలనుంటే అది చెప్పమన్నాడు. నాలుగు గంటలసేపు విన్నాడు. పాత బడి నుంచి ఎందుకు పంపారని అడగలేదు. టీచర్లకి ఈ పుస్తకం చదవమని ఎప్పుడూ చెప్తాను. నాలుగు గంటలు మనకి కుదరకపోవచ్చు. అరనిమిషం కుదురుతుంది.

ఇక పిల్లల సంగతి. టీచరు ఎలా అంటే పిల్లలు అలా అంటారు. నేను సంత అన్నప్పుడు తరగతంతా నవ్వింది కదా. ఆ నవ్వు నేనిచ్చిందే. మన బడుల్లో రోజూ ప్రతిజ్ఞ చెప్పిస్తాం. దేశమంతా చెప్పే ఆ ప్రతిజ్ఞ రాసింది మన తెలుగాయన. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లో, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు రాశారు. అందులో తోటివాళ్ళందరినీ సొంత తోబుట్టువులుగా చూస్తామని పిల్లలు రోజూ చేతులు చాచి చెప్తారు. ఆ తర్వాత అయిదు నిమిషాలకే ఒక తోబుట్టువు గుమ్మంలో నిలబడుతుంది, నాలుగు రోజుల తర్వాత. అప్పుడు పక్క పిల్ల కాస్త జరిగి చోటిచ్చిందా, పుస్తకం ఇచ్చిందా అన్నది చూడాలి. నేను తర్వాత మా తరగతిలో ఒక అలవాటు చేశాను. హాజరయ్యాక "ఈ రోజు మనకి ఎవరు తక్కువయ్యారు?" అని అడిగేదాన్ని. పిల్లలే పేర్లు చెప్పేవాళ్ళు. "వాళ్ళ వీధిలో ఎవరున్నారు? సాయంత్రం వెళ్ళి చూసి రండి" అనేదాన్ని. పిల్లలు పిలిస్తే వచ్చినంత తొందరగా పిల్లలు మనం పిలిస్తే రారు.

వింటున్న తల్లిదండ్రులకి కూడా ఒక మాట. సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే "ఈ రోజు ఏం చెప్పారు? ఎన్ని మార్కులొచ్చాయి?" అంటాం. ఒక్కోరోజు "ఈ రోజు మీ తరగతిలో ఎవరు రాలేదు?" అని అడిగి చూడండి. మొదటి రోజు తెలియదంటారు. మూడో రోజుకి చెప్తారు. తోటి పిల్ల రాలేదన్న సంగతి గమనించడం కూడా చదువే.

ఇంకోటి. బడి నుంచి ఫోనొస్తే మన గుండె ఝల్లుమంటుంది. ఏం తప్పు చేశాడో అనుకుంటాం. ఎందుకంటే తప్పు జరిగినప్పుడే ఫోనొస్తుంది కాబట్టి. ప్రైవేటు బడుల్లో అయితే "మీ అబ్బాయి గైర్హాజరు" అని మెసేజ్ వస్తుంది. పంపిన మనిషి ఎవరో తెలియదు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిట్లో ఒకే రోజున తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. పండగలా జరిగింది. అలాంటివి కావాలి. దాంతోపాటు మామూలు మంగళవారం నాడు టీచరు ఫోన్ చేసి, "అమ్మా, పాప రాలేదు, ఒంట్లో బాగుందా?" అని అడగడం కూడా కావాలి. అక్కడ కూడా అదే వరస. ముందు మంచినీళ్ళు. తర్వాత విషయం.

ఆ పిల్ల మళ్ళీ బడికొచ్చిందా అని మీరు అనుకుంటూ ఉంటారు. వచ్చింది.

ఆ సాయంత్రం తల్లి చెప్పింది. కోతలకని మేస్త్రి దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు. తనకి జ్వరం వచ్చింది. పని ఆగితే మేస్త్రి ఊరుకోడు. పిల్ల తనే వెళ్తానంది. మేస్త్రితో నేనూ మా హెడ్మాస్టరు గారూ మాట్లాడాం. ఆయన మొదట విసుక్కున్నాడు, తర్వాత సర్దుకున్నాడు.

మర్నాడు ప్రార్థన వేళకే పిల్ల వచ్చింది. తమ్ముడూ వచ్చాడు. గుమ్మంలో ఆగింది. నా మొహం చూస్తోంది. నేను కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాను. వేళ్ళతో పట్టుకోలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగింది. అప్పుడు చూశాను ఆ చేతుల్ని. వేళ్ళ కొసలు ఎర్రగా కమిలి, అక్కడక్కడ చర్మం లేచిపోయి ఉన్నాయి. "నీ చోటు అలాగే ఉంది" అన్నాను. వెళ్ళి కూర్చుంది. ఆ పూట రాయమని చెప్పలేదు.

మధ్యాహ్నం అందరూ వరసగా కూర్చున్నారు. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు పళ్ళాలు బడిలోనే గూట్లో ఉండేవి, అడుగున మేకుతో పేర్లు గీసి. వంటావిడ ఆ పిల్ల పళ్ళెం తీసి పెట్టింది. తళతళలాడుతోంది. రోజూ వాడిన పళ్ళెంలాగే ఉంది. "ఈ పిల్ల ఇన్నాళ్ళూ తిననే లేదు కదా, పళ్ళెం ఎవరు కడిగారు?" అన్నాను. "అన్నిటితోపాటు రోజూ కడిగాను టీచరమ్మా. బిడ్డ వస్తే దుమ్ము పట్టిన పళ్ళెం పెడతామా?" అంది. కొంగు ముడిలోంచి ఒక చెంచా తీసింది. ఇంటి నుంచి తెచ్చింది. కారం వెయ్యకముందే గిన్నెలోకి తీసి ఉంచిన చప్పిడి పప్పు అన్నంలో వేసి, కలిపి, ఆ పిల్ల అరచేతిలో చెంచా పెట్టింది.

సాయంత్రం గంట కొట్టారు. పిల్లలందరూ పరిగెత్తారు. ఆ పిల్ల సంచి తగిలించుకుని నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులు ఈసారి వెనక లేవు. నేను ఏమీ అడగలేదు.

"ఆ రోజు నేను ఎందుకు రాలేదంటే, టీచర్..." అని తనే మొదలుపెట్టింది.